మళ్ళీ మళ్ళీ వచ్చే అన్నం

మా చెల్లెలు దగ్గర లేకుండా ఒక బంతి భోజనం సవ్యంగా సాగుతుందని ఎవరైనా చెప్పి ఉంటే, రుజువు చూపించమని అడిగేదాన్ని. నందిగామలో ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి చెప్పి నాకు నోటికి పట్టేసిన ప్రశ్న అది. చెల్లెలిది జగ్గయ్యపేట. పెళ్ళిళ్ళకూ, ఓణీల ఫంక్షన్లకూ, చర్చి పండుగలకూ వంట చేయించి వడ్డన జరిపించడం ఆమె పని. ఎటు చూసినా బఫేలు వచ్చేసిన ఈ రోజుల్లో, ఆకు వేసి కూర్చోబెట్టి పెట్టే భోజనం కావాలనుకునేవాళ్ళు మా వైపు ఆమెనే వెతుక్కుంటూ వస్తారు. అందుకు కారణం తన వంట అని ఆమె నమ్మకం. నేను గమనించినంతవరకు కారణం ఆమె గొంతు.

బంతి మొదట్లో నిలబడి ఒక్కొక్క పదార్థాన్నీ ఆమె పేరు పెట్టి పిలుస్తుంది. పప్పు అంటే పప్పు బకెట్టు కదులుతుంది. అన్నం అంటే అన్నం బేసిను కదులుతుంది. ఆమె పిలవనిదే వడ్డించేవాళ్ళెవరూ అడుగు ముందుకు వేయరు. అది ఆమె పెట్టిన కట్టుబాటు. పిలిచి ఊరుకోదు. వరస చివరిదాకా నడిచి, ఆకుల్ని చూసుకుంటూ వెనక్కి వచ్చి, అప్పుడు తరువాతిది పిలుస్తుంది. ఇన్నేళ్ళలో అలా ఎంత దూరం నడిచిందో ఎవరూ కొలవలేదు. ఆమె మోకాళ్ళు మాత్రం కొలిచి పెట్టుకున్నాయి.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇకమీదట ఎక్కువసేపు నిలబడవద్దన్నాడు. ‘‘వంట మానెయ్యమన్లేదుగా’’ అని చెల్లెలు ఆ మాటను తనకు అనుకూలంగా తీసుకుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళోని పెద్ద క్యాటరింగ్ ఆయన, గంగాళాలు మొదలు గరిటెల దాకా సామానంతా తనకు అమ్మేసి, కావాలంటే తన దగ్గరే వంట చూసుకొమ్మని కబురు పెట్టాడు. అప్పటికే చెల్లెలు ఒకే ముహూర్తానికి రెండు భోజనాలు ఒప్పుకొని ఉంది. ఒకటి జగ్గయ్యపేటలో, రెండవది నందిగామలో. అవి గడిచాక ఏదో ఒక మాట చెబుతానని ఆయనకు జవాబు పంపింది. ఆమె గొంతు లేకుండా నందిగామ బంతి నడిస్తే పని నిలుస్తుంది. నడవకపోతే సామాను వెళ్ళిపోతుంది. ఇందులో మూడో దారి మాకెవరికీ కనిపించలేదు.

మూడో దారి కాకపోయినా, మొదటి దారికి ఒక ఉపాయం మా మరిదికి తోచింది. మరిది అంటే ఆ చెల్లెలి భర్తే. ముక్త్యాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో డిస్పాచ్ సెక్షన్‌లో ఉద్యోగం. షిఫ్టు బస్సులో పోతూ వస్తూ ఫోన్లో వీడియోలు చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. నేర్చుకున్నది ఎవరికైనా వివరించకపోతే ఆయనకు అన్నం సయించదు. ఆ ఇంట్లో వినే ఓపిక నాకొక్కదానికే ఉండటంతో, నేను బస్సు దిగడమే తరువాయి మొదలుపెట్టేవాడు.

‘‘మనిషి పిలవక్కర్లేదు వదినగారూ, ఫోనే పిలిచిద్ది. వంటకాల పేర్లన్నీ కోడులో ఒక మూట కడతా. ఆ మూట టెంప్లేట్‌కి అందిస్తా. టెంప్లేట్ అంటే పేజీకి ఖాళీ అచ్చు. మూటలో ఉన్న ఒక్కోదానికీ ఒక్కో గడి గియ్యి అని అందులో ఒక్కసారే రాసుంటది. పది పంపితే పది గడులు, పాతిక పంపితే పాతిక. అచ్చు ముట్టుకోనక్కర్లేదు.’’

‘‘మూటలో ఏమీ లేకపోతే?’’

‘‘ఏమీ లేవని రాసిద్ది.’’

‘‘నువ్వు మూట మీద ఒక పేరు రాసి పంపావు. టెంప్లేట్ ఇంకో పేరుతో అడిగింది. అప్పుడు?’’

ఆయన కాస్త తగ్గాడు. ‘‘అప్పుడు ఖాళీగా ఉంటది.’’

‘‘తప్పు జరిగిందని చెప్పదా?’’

‘‘చెప్పదండి.’’

ఇది నాకు నచ్చలేదు. పగిలిన పరీక్షనాళిక వల్ల ఎవరూ మోసపోరు. పగిలిందని కళ్ళకు కనిపిస్తుంది. సరిగ్గా తూస్తున్నట్టు కనిపిస్తూ తప్పు తూచే త్రాసుతోనే ప్రమాదం. ఆ మాటే అన్నాను. ఆయన నన్ను ఊరడించడానికి మరో పోలిక తెచ్చాడు: కోడు వంటగది లాంటిదట, టెంప్లేట్ ఆకు లాంటిదట. ఆకు తనంతట తాను గడులు గీసుకోదు కాబట్టి ఆ పోలిక చెల్లదన్నాను. చింతపండు నానబెడుతున్న చెల్లెలు తల ఎత్తకుండానే, ‘‘మీ ఇద్దర్నీ ఒక బంతిలో ఎదురెదురుగా కూర్చోబెడితే ఆకులు ఎండిపోతాయి గాని మాటలు ఆగవు’’ అంది.

కొన్నాళ్ళకు పేజీ సిద్ధమైంది. ‘‘మీ చెల్లెమ్మగారు చెప్పిన వంటకాలన్నీ వచ్చినయ్ వదినగారూ. ఒక్కటి కూడా తగ్గలా, సరి చూసుకున్నా’’ అన్నాడు. భార్యను నా ముందు ‘మీ చెల్లెమ్మగారు’ అని ఎత్తిపొడవటం ఆయనకు సరదా. పరీక్షించకుండా నేను నమ్మనన్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళింటి వసారాలో బంధువుల్ని కూర్చోబెట్టి ఒక బంతి నడపాలని నిర్ణయం జరిగింది. షరతులు నావి. చెల్లెలు లోపలి గదిలో మంచం మీద ఉండాలి, నోరు విప్పకూడదు. వడ్డించేవాళ్ళు ఫోన్ ఏది చెబితే అదే వడ్డించాలి, సొంత తెలివి వాడకూడదు. సొంత తెలివి కలిస్తే ఫలితం ఎవరిదో తేల్చలేము.

వడ్డనకు పెద్ద కీసర నుంచి వచ్చే ఒకావిడ. చెల్లెలితో ఆమెది పాత స్నేహం. ఒక చేతిలో బకెట్టు ఉంటుంది కాబట్టి ఆమె ఫోన్లో ఒకసారికి ఒకే పేరు, పెద్ద అక్షరాలతో కనిపించేట్టు మరిది ఏర్పాటు చేశాడు. వడ్డించాక ‘అయింది’ అని నొక్కితే తరువాతి పేరు వస్తుంది. ఆకులు వేశారు, నీళ్ళు చిలకరించారు. ఆమె ఫోన్ చూసి, నా వైపు చూసింది.

‘‘మేడమ్, పెరుగంట.’’

‘‘ఫోన్ చెప్పిందే చెయ్యమ్మా.’’

ఖాళీ ఆకుల్లో పెరుగు పడింది. తరువాత అప్పడం వచ్చింది. ఆ తరువాత నెయ్యి వచ్చింది. బంతి మొదట్లో కూర్చున్న చెల్లెలి మామగారు కోదాడ దగ్గరి ఊరి మనిషి, మాటలో కొంచెం ఆ యాస ఉంటుంది. ఆయన నేతి గిన్నెనూ వడ్డించే ఆవిడనూ మార్చి మార్చి చూశారు.

‘‘గీ నెయ్యి దేని మీద పోస్తవమ్మా, నా చేతి మీదనా?’’

‘‘నన్నడక్కండి తాతా, ఫోన్నడగండి.’’

ఆ తరువాత అన్నం వచ్చింది, వెంటనే పప్పు కూడా వచ్చింది. వసారా అంతా ఊపిరి పీల్చుకుంది. పప్పన్నం తిని అందరూ దప్పళానికి సిద్ధమయ్యేసరికి ఉప్పు వచ్చింది, స్వీటు వచ్చింది, చివరికి దప్పళమూ వచ్చింది. కాని దాన్ని కలుపుకోవడానికి ఆకుల్లో అన్నం లేదు. దప్పళం ఆకు అంచు వైపు మెల్లగా పారుతుంటే, వేళ్ళతో ఆనకట్టలు కట్టుకుని అందరూ అన్నం కోసం చూస్తున్నారు. కీసర ఆవిడ ‘అయింది’ నొక్కింది. చారు అన్న పేరు వచ్చింది.

‘‘అన్నమేదమ్మా?’’ అన్నారు మామగారు.

‘‘ఫోన్లో అన్నం అయిపోయినట్టుందండి.’’

‘‘గంగాళం నిండ ఉంటే అయిపోవుడేంది!’’

లోపల మంచం కిర్రుమంది. మాట్లాడకూడదన్న నా షరతును చెల్లెలు పాటించింది. గడప దాటి బయటకు వచ్చేదాకా మాట్లాడలేదు. తలుపు చట్రం పట్టుకుని వరసను ఒక్కసారి చూసింది. ‘‘అన్నం’’ అంది. ఆ మాటకు బేసిను దానంతట అదే కదిలిందా అన్నట్టు కదిలింది. తరువాత మళ్ళీ అన్నం, చారు, మళ్ళీ అన్నం, మళ్ళీ పెరుగు. ఆ చివరి నుంచి ఈ చివరికి ఆమె కుంటుతూ నడుస్తూనే ఉంది. కూర్చోమని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. భోజనం బాగుందని అందరూ అన్నారు. అది నిజమే, కాని మేము పరీక్షించినది దాన్ని కాదు.

సాయంత్రం వేడినీళ్ళ సంచి మోకాలి మీద పెట్టుకుని, ‘‘ఇది అయ్యేపని కాదక్కా. ఆ క్యాటరింగ్ ఆయనకి కబురు పెట్టేద్దాం. సామాను ఇచ్చేస్తా’’ అంది. మరిది గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఒక్క రోజు గడువు ఇమ్మని చెల్లెల్ని అడిగాను, కాలేజీకి సెలవు పెట్టాను.

మర్నాడు పొద్దున భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాం. పిల్లలకు చెప్పినట్టే ఆయనకూ చెప్పాను: ముందు చూసింది రాసుకుందాం, అనుకున్నది తరువాత. చూసినవి మూడు. పేర్లన్నీ వచ్చాయి. వరస తప్పింది. అన్నం ఒక్కసారే వచ్చింది. చివరి రెండింటికీ ఒకే కారణం ఉండవచ్చు, ఉండకపోనూ వచ్చు.

‘‘టెంప్లేటే చెడగొట్టింది వదినగారూ. కొత్తగా మార్చా దాన్ని.’’

‘‘కొత్తది కాబట్టి దోషి అంటావా? నువ్వు మా ఇంటికి కొత్తల్లుడిగా వచ్చినప్పుడు మేమలా అనుకోలేదే.’’

టెంప్లేట్‌కు చేత్తో కట్టిన చిన్న మూట ఒకటి ఇప్పించాను: అన్నం, పప్పు, అన్నం, చారు. పేజీ మీద అదే వరసలో అన్నీ వచ్చాయి, అన్నం రెండుసార్లు వచ్చింది. టెంప్లేట్ తనకు అందినదాన్ని అందినట్టే గీస్తోంది. అంటే మూట దానికి చేరకముందే చెడింది. ఇక కోడులో అడుగడుగునా ఆగి, మూట విప్పి చూసుకుంటూ వచ్చాం. చెల్లెలు చెప్పిన వరస చదివిన చోట అంతా సవ్యంగానే ఉంది. టెంప్లేట్‌కు అందించే ముందున్న లైనులో చూస్తే పెరుగు ముందుంది, అన్నం ఒక్కటే మిగిలింది. ప్రోగ్రామును ఆపి మళ్ళీ నడిపితే ఈసారి గారె ముందుకొచ్చింది. ఒకే ప్రశ్నకు పూటకో జవాబు చెప్పే సాక్షి మాకు దొరికింది.

‘‘ఈ రెంటికీ మధ్యలో ఏముంది?’’

‘‘ఏం లేదండి. మూట శుభ్రం చేసే లైను ఒకటి.’’

‘‘శుభ్రం అంటే?’’

‘‘రెండుసార్లు వచ్చినవి తీసేసిద్ది. లిస్టుని సెట్టుగా మారుస్తా. సెట్టులో ఒక పేరు ఒక్కసారే ఉంటది.’’

‘‘వరస?’’

ఆయన ల్యాప్‌టాప్ మీదికి వంగి ఆ లైను మళ్ళీ చదివాడు. సెట్టుకు వరస పట్టదు. ఏది ఉందో, ఏది లేదో మాత్రమే దానికి తెలుసు. అందుకే ఆయన సరిచూసుకున్నప్పుడు అన్నీ ఉన్నాయి. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అడగవలసిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

‘‘ఎందుకు తీసేశావు?’’ అని అడిగాను, కోపం లేకుండానే.

‘‘అలవాటండి. ఫ్యాక్టరీలో కాటా దగ్గర ఒకే లారీ నంబరు రెండుసార్లు పడితే మాకు ప్రాణం పోద్ది. అదే లోడు రెండుసార్లు బయటికి పోయినట్టు చూపిచ్చిద్ది. ముందు దాన్ని కొట్టేసి, ఆ తర్వాతే టీ తాగుతాం. మెనూలో అన్నం అన్నిసార్లు కనబడేసరికి...’’

వంటింట్లోంచి చెల్లెలు బయటికి వచ్చింది, చేతిలో గరిటెతో.

‘‘అన్నం లారీయా?’’

‘‘అది కాదు...’’

‘‘పొద్దున లేస్తే ఏమే, ఏమే అని ఎన్నిసార్లు పిలుస్తావ్ నన్ను? మొదటిసారి పలికి, మిగతావి నేనూ కొట్టేస్తా ఇక. శుభ్రంగా ఉంటది.’’

ముందు రోజు సాయంత్రం నుంచి ఆ ఇంట్లో వినపడని నవ్వు అప్పుడు వినపడింది. మరిది ఆ లైను తీసేశాడు. తీసేసే ముందు దానివైపు కొంచెం జాలిగా చూశాడనే నాకు అనిపించింది. దీనికి ఆధారం చూపలేను.

అక్కడితో ఆపుదామన్నారు ఇద్దరూ. నాకు ఇంకో అనుమానం మిగిలింది. పప్పు ముందటి అన్నం వడ్డించి ‘అయింది’ అని నొక్కితే, ఆ అయినది ఏ అన్నమో కోడుకు ఎలా తెలుస్తుంది? నొక్కి చూశాం. అన్నాలన్నీ ఒకేసారి అయిపోయాయి. అది పేరును బట్టి గుర్తుపడుతోంది. చివరికి మూటలో ప్రతిదానికీ పేరుతో పాటు దాని స్థానం కూడా జతచేసి పంపించాడు. పప్పన్నపు అన్నం వేరు, దప్పళపు అన్నం వేరు, చారన్నం వేరు, పెరుగన్నం వేరు. బియ్యం ఒకటే కావచ్చు, వచ్చే చోటు వేరు. చెల్లెలు ఇంకొక కోరిక కోరింది. వడ్డించేవాళ్ళకు ఒక్కో పేరే చాలు. తనకు మాత్రం వరస మొత్తం ఒకే చోట కనబడాలి, వడ్డన అయినవి పచ్చగా మారాలి. ‘‘నిన్న ఆ ఫోను లోపల ఏముందో నాకు తెలిస్తే, పెరుగు కదలకముందే చెప్పేదాన్ని’’ అంది. అదే మూటను ఇంకొక టెంప్లేట్‌కు అందిస్తే సరిపోతుందని మరిది ఉత్సాహంగా వివరించడం మొదలుపెట్టాడు. ఆయన కోలుకున్నాడని నాకు అర్థమైంది.

రెండవ పరీక్షకు మళ్ళీ వండనని చెల్లెలు ఖండితంగా చెప్పింది. మరమరాలతో జరిపాం. పప్పూ మరమరాలే, పెరుగూ మరమరాలే. వరస ఎక్కడా తప్పలేదు. మామగారు మాత్రం చివరిదాకా నిష్ఠగా కూర్చుని, ‘‘చారు కొంచెం పలచగైంది’’ అన్నారు.

ముహూర్తం రోజున నేను నందిగామ ఫంక్షన్ హాల్లో ఉన్నాను, కీసర ఆవిడ పక్కన. చెల్లెలూ మరిదీ జగ్గయ్యపేటలో. మొదటి బంతి మొదలయ్యే వేళకు నాకు ఒక సంగతి తట్టింది. పేజీని ఇన్ని రకాలుగా పరీక్షించానే గాని, అసలు పరీక్షించవలసినదాన్ని ముట్టుకోలేదు. పేజీ పిలిస్తే సరిపోతుందా? చెల్లెలు కూర్చోవాలి కదా. మరిదికి ఫోన్ చేశాను.

‘‘కుర్చీ వేసానండి.’’

‘‘కూర్చుందా?’’

‘‘కుర్చీ ఖాళీగానే ఉంది వదినగారూ. పేజీ పిలుస్తానే ఉంది, ఈవిడ నడుస్తానే ఉంది.’’

నా ఎదుట నందిగామ బంతి చక్కగా సాగుతోంది. అన్నం వచ్చిన ప్రతిసారీ నేను ఆకుల వైపు చూస్తున్నాను. కావలసిన చోటే వస్తోంది. అయినా నాకు సంతోషం కలగలేదు. ప్రయోగం సరిగ్గా జరిగి, ఫలితం మాత్రం రాని రోజుల్లా ఉంది. అరవై మంది తృప్తిగా తింటున్నారో, ఎనభై మందో లెక్కపెట్టే ఓపిక కూడా లేకపోయింది. మొదటి బంతి లేచింది. ఆకులు తీసి, మళ్ళీ వేశారు.

రెండో బంతి చివరికి వస్తుండగా నా ఫోన్ మోగింది.

‘‘అక్కా, అక్కడ పెరుగు ఇంకా పచ్చబడలేదేంటి? ఇందాకటి నుంచి లాగి లాగి చూస్తున్నా.’’

ఆమె తెరను కిందికి లాగిన ప్రతిసారీ కోడు మూటను కొత్తగా కట్టి, టెంప్లేట్‌కు అందించి, పేజీని మళ్ళీ గీయిస్తుంది. ఆ సంగతి మరిది నాకు చెప్పి ఉన్నాడు. ఆమె అక్కడ ఎన్నిసార్లు లాగి ఉంటే, ఈ హాలులోని వరస అన్నిసార్లు ఆమె చేతిలోకి వెళ్ళింది. నేను తల తిప్పి చూశాను. పెరుగు బకెట్టు వరస మధ్యలో ఆగి ఉంది. చివరి ఆకు దగ్గర ఒక ముసలాయన మారు అన్నం పెట్టించుకుని, దప్పళం గరిటె వైపు చెయ్యి చాపి ఉన్నాడు.

‘‘ఒక పెద్దాయన మారు దప్పళం అడిగాడే. కీసర ఆవిడ ఆయన కోసం ఆగింది.’’

‘‘అవునా. నిండా పొయ్యమను. ముక్కలు చూసి పొయ్యమను. పెరుగు ఆగిద్దిలే.’’

ఆమె గొంతులో ఆయాసం లేదు. నడుస్తూ మాట్లాడితే ఆమెకు ఆయాసం వస్తుంది.

‘‘నువ్వు నిలబడి ఉన్నావా, కూర్చుని ఉన్నావా?’’

‘‘కూర్చునే ఉన్నా. కళ్ళజోడు పెట్టుకుంటే గాని ఇది కనబడట్లా. కళ్ళజోడు పెట్టుకుని నడిస్తే నేల పైకి లేస్తంది. ఇంకేం చేసేది?’’

‘‘ఆధారం?’’

‘‘మీ మరిదిని అడుగు.’’

‘‘ఆయన నీ మొగుడు. సాక్ష్యం చెల్లదు.’’

‘‘చచ్చిపోతున్నా నీతో’’ అని ఆమె వీడియో పెట్టింది. ముందు ఫంక్షన్ హాలు కప్పు కనిపించింది, తరువాత ఎవరిదో భుజం, ఆ తరువాత కెమెరా కిందికి వంగింది. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ చెయ్యి. ఒళ్ళో కళ్ళజోడు పెట్టె. చీర కింద రెండు మోకాళ్ళు, మడత లేకుండా, ముందుకు చాచి. బోర్లించిన దప్పళం బకెట్టు మీద రెండు పాదాలు.

‘‘సామాను సంగతి ఆ క్యాటరింగ్ ఆయనకేం చెప్పావు?’’

‘‘కాళ్ళు పెట్టుకున్నా కదక్కా దాని మీద. ఎట్టా ఇస్తా?’’ అంది. కెమెరా ఆ పాదాల మీదే ఉండిపోయింది. ఆమె తెరను మళ్ళీ లాగుతోందని బొటనవేలి చప్పుడును బట్టి ఊహించాను. ‘‘ఇక పెట్టెయ్. పెరుగు పచ్చబడింది.’’